కౌజు రెక్క చెక్క

ఆత్మకూరు ఇమామ్ గీసే చెక్క మీద ఊళ్లో కథలు చాలానే ఉన్నాయి. బస్టాండు పక్క టీ అంగడి సిమెంటు స్తంభానికి ఆయన చెక్క డిజైను వేసిన మరునాడే నల్లమల నుంచి ఒక వడ్రంగిపిట్ట దిగివచ్చి, ఆ స్తంభాన్ని నాలుగు పోట్లు పొడిచి, ముక్కు వంకరపోయి, ఆనాటి నుంచి బొరుగులు తిని బతికిందని ఒక కథ. చెదలు బారులు తీరి వచ్చి, సగం ఎత్తు ఎక్కి, సిగ్గుపడి దిగిపోయాయని ఇంకొకటి. వడ్రంగిపిట్టను కళ్లారా చూసినవాళ్లు ఇప్పటికీ ముగ్గురున్నారు. ముగ్గురూ మూడు వేర్వేరు స్తంభాలను చూపిస్తారు.

ఇమామ్ మాత్రం ఆ కథల్లో ఒక్కటీ చెప్పడు. అరవై రెండేళ్లు వచ్చినా ఆయనకు అబద్ధమాడటం అబ్బలేదు. చేసే పనేమో ఇనుమును చెక్కగా చూపించడం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడాయని ఎవరైనా ఎగతాళి చేస్తే ఆయన దగ్గర ఒకటే సమాధానం.

"నేను లేనిది గీయనప్పా. యాడో ఒకచోట ఉండే చెక్కనే గీస్తా. ఫోటో తీసినట్లనుకో."

పని చూడటానికి సులువుగా ఉంటుంది. ముందు పసుపు, ఎరుపు కలిసిన రంగు ఒక పూత. అది ఆరాక గోధుమరంగు పెయింటును టర్పెంటైనుతో పల్చన చేసి పైన పూస్తాడు. తడి ఆరకముందే, పాత సైకిలు ట్యూబు ముక్కకు పళ్లు కోసి చేసుకున్న దువ్వెనతో లాగుతాడు. టేకు కావాలంటే నిలువుగా ఒక లాగు. కణుపు కావాలంటే బొటనవేలితో ఒక తిప్పు. ఇది చాలామంది పెయింటర్లకు వచ్చిన విద్యే. కానీ ఇమామ్ దగ్గర ఇంకెవరి దగ్గరా లేని డిజైను ఒకటుంది. అడ్డంగా సన్నని అలలు, ఒకటి లేత, ఒకటి ముదురు, తలుపు పొడుగునా వరసగా పోతాయి. వాటి మధ్య నిలువునా అగ్గిపుల్లతో గీసిన తెల్లటి గీత. కాస్త దూరం జరిగి చూస్తే ఇనుము మెత్తబడినట్లు ఉంటుంది. తాకబుద్ధవుతుంది. దాని పేరు కౌజు రెక్క.

పేరుకు అర్థమేమిటని అడిగినవాళ్లకు ఆయన ఓపిగ్గా చెబుతాడు. "కౌజు పిట్ట రెక్క మాదిరి గీతలుంటాయి గనక ఆ చెక్కకు ఆ పేరు పెట్టినారు. నల్లమల లోపల, శానా లోపల ఉండే మాను." పదిహేడేళ్లప్పుడు పత్తికొండలో పీరా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్ననాటి మాట అది. నలభై అయిదేళ్లుగా అక్షరం మార్చలేదు.

ఈ వేసవిలో ఆ మాటే వచ్చి మెడకు చుట్టుకుంది.

బోరు లారీల వ్యాపారం చేసే భూపేష్ ఊరి బయట కొత్త ఇల్లు కట్టాడు. వాళ్ల పాత ఇంటి టేకు తలుపును చెదలు లోపలి నుంచి తినేసి, పైన రంగు పొర మాత్రం మర్యాదగా మిగిల్చాయి. భూపేష్ తల్లి నాగలక్ష్మమ్మ ఒకరోజు తలుపు నెట్టబోతే చెయ్యి అవతలికి పోయింది. అప్పటి నుంచి ఆమె "నా ఇంటికి మాను తలుపు వొద్దు" అని పట్టుబట్టింది. అందుకని భూపేష్ ఇనప తలుపు పెట్టించి, రెండు పక్కలా ఇమామ్ చేత కౌజు రెక్క వేయించాడు.

తలుపు ఎంత బాగా కుదిరిందంటే, చూడవచ్చినవాళ్లకు అది ఇనుమని చెప్పడానికి భూపేష్‌కు నోరు రాలేదు. "నల్లమల చెక్కలే. కౌజు రెక్క అంటారు. దొరికేది కాదు" అని మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి ఆ మాను అడవి మొత్తానికి ఒకటే ఉన్నదనీ, ఏడుగురు మోసి తెచ్చారనీ, మోసినవాళ్లలో ఇద్దరికి ఇంకా భుజం నొప్పి తగ్గలేదనీ ఊళ్లో తేలింది.

ఫారెస్టు ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం పోయింది.

అధికారి అవినాష్ జీపులో దిగినప్పుడు ఇమామ్ ఆ ఇంట్లోనే వంటింటి పక్క వెనక తలుపుకు పూత వేస్తున్నాడు. మాటలు విని ముందు వాకిట్లోకి వచ్చాడు.

"ఈ చెక్కకు పర్మిట్ ఉందా?" అని అవినాష్ అడుగుతున్నాడు.

భూపేష్ ఒకసారి తలుపు వంక, ఒకసారి అరుగు మీద కూర్చొని శనక్కాయలు ఒలుస్తున్న తల్లి వంక చూశాడు. "ఏ చెక్కకు సార్?"

అవినాష్ వేళ్లతో తలుపు మీద కొట్టాడు. ఠంగుమంది. నమ్మలేక ఇంకాస్త పైన కొట్టాడు. అక్కడా ఠంగుమంది. జీపు డ్రైవరు నవ్వాపుకోలేక జీపు వెనక్కు పోయాడు. ప్రహరీ కడుతున్న మేస్త్రీలు తాపీలు కిందపెట్టారు.

"నరికి చూడు నాయనా," అంది నాగలక్ష్మమ్మ తల ఎత్తకుండానే. "చిగురేస్తాదేమో."

అవినాష్ కూడా నవ్వేశాడు. కానీ వెంటనే వెళ్లిపోలేదు. తలుపు దగ్గరికి వంగి, ఆ అలలను చాలాసేపు చూశాడు. "ఎవరు గీసింది?"

"నేనే సార్."

"ఏ చెక్కను చూసి గీసినావు పెద్దాయనా?"

ఇమామ్ తన మాట చెప్పాడు. పిట్ట, పేరు, నల్లమల, లోపల. అవినాష్ శ్రద్ధగా విన్నాడు. అదే ఇమామ్‌కు కష్టమైంది. ఎగతాళి చేసి ఉంటే ఇంటికి పోయి మరిచిపోయేవాడు.

"ఇరవై ఏళ్లుగా ఆ అడవిలో తిరుగుతున్నా. ఈ చెక్క చూడలేదు. సముద్రాల అవతల కౌజు పేరున్న చెక్క ఒకటుందని చదివినా. చెక్కను చూస్తే పిట్ట గుర్తొచ్చి పెట్టిన పేరే అది. మన దగ్గర మాత్రం లేదు. ఉందంటే చూపించు. నేనే వచ్చి చూసి రాసుకుంటా."

జీపు వెళ్లిపోయాక భూపేష్ మొహం మాడిపోయి ఉంది. మేస్త్రీలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"పదిమందిలో నా పరువు తీసినావు కదన్నా."

"నేనేం చేసినానప్పా? చెక్క అని చెప్పింది నువ్వు."

"లోపల ఉండాదని చెప్పింది నువ్వు! అధికారేమో లేదంటాండాడు. లేని మాను బొమ్మ నా వాకిట్లో ఎందుకు? చూడు, గృహప్రవేశం పన్నెండు దినాల్లో ఉండాది. ఆ లోపల ఆ చెక్క ముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టు. వచ్చినోళ్లకు చూపిస్తా, ఇదిగో చెక్క, దీన్ని చూసి గీసిన తలుపు అని. తేలేకపోతే దాన్ని తుడిచేయ్. టేకు స్టిక్కరు తెచ్చి అతికించుకుంటా."

స్టిక్కరు మాట ఇమామ్‌కు తగలవలసిన చోటే తగిలింది. ఆ స్టిక్కర్లు వచ్చాకే నెలకు నాలుగు తలుపులు దొరకడం గగనమైంది. కానీ ఇంటికి నడుస్తుంటే ఆయనను తొలిచింది అది కాదు. మాను లేకపోతే? అప్పుడు నలభై అయిదేళ్లుగా తను గీసిందేమిటి? ఎన్ని వాకిళ్లకు, ఎన్ని బీరువాలకు, ఎన్ని పెళ్లి పెట్టెలకు వేశాడో లెక్కలేదు. "నేను లేనిది గీయను" అని ప్రతి వాకిట్లో చెప్పి మరీ వేశాడు.

మరునాడు పొద్దున్నే శివన్న కోత మిల్లుకు పోయాడు. శివన్న ముప్పై ఏళ్లుగా దుంగలు కోస్తున్నాడు. నల్లమల నుంచి వేలంలో వచ్చే ప్రతి మానూ ఆయన రంపం కిందికి రావలసిందే.

"కౌజు రెక్క చెక్క ఎప్పుడన్నా కోసినావా శివన్నా?"

"నీ తలుపుల మీద తప్ప యాడా చూడలేదే."

అయినా స్నేహితుడి మొహం చూసి, మిల్లంతా తిప్పాడు. నల్లమద్ది పలక మీద నీళ్లు చల్లి చూపించాడు. జిట్రేగి, ఏగిస, సోమి చూపించాడు. చివర్న ఒక మూల నుంచి బిల్లుడు ముక్క తెచ్చి ఎండలో పెట్టాడు. అది పట్టుగుడ్డలా మెరిసింది. అడ్డంగా అలలున్నాయి. ఇమామ్ గబగబా దగ్గరికి పోయాడు. వంగి చూశాడు. అలలున్నాయి గానీ లేతవీ ముదురువీ విడివిడిగా లేవు. నిలువు గీత అసలే లేదు.

"ఇదే అని చెప్పరాదా? తీసుకోనిపో," అన్నాడు శివన్న. "భూపేష్‌కు తెలిసి చచ్చేదేముండాది?"

ఇమామ్ ఆ ముక్కను కాసేపు చేతిలో పట్టుకున్నాడు. బరువుగా, చల్లగా ఉంది. తర్వాత తీసిన చోటే పెట్టేశాడు.

"నాకు తెలుస్తాది కదన్నా."

మిగిలింది పత్తికొండ. ఉస్తాద్ పోయి పదేళ్లయింది. మట్టి చేసి వచ్చాక ఇమామ్ మళ్లీ ఆ దారిన పోలేదు. కర్నూలులో బస్సు మారి, మిట్ట మధ్యాహ్నానికి పత్తికొండలో దిగాడు. టమోటా మార్కెట్టు వెనక సందులో ఉస్తాద్ ఇల్లు అట్లాగే ఉంది. తలుపు మీద కౌజు రెక్క ఎండకు వెలిసి, అలలు సగం కనపడీ కనపడకుండా ఉన్నాయి. ఉస్తాద్ పెద్దకూతురు మాబున్నీసా తలుపు తీసింది. ఆమెకు డెబ్బై దాటాయి. కుర్రవాడిగా ఆ ఇంట్లో ఉన్న ఆరేళ్లూ అతనికి అన్నం పెట్టిన చెయ్యి ఆమెది.

"ఏం ఇమామూ, పదేండ్లకు దారి దొరికెనా?"

"దారి తప్పినా ఆపా. అందుకే వచ్చినా."

నీళ్లు తాగి, జరిగిందంతా చెప్పి, అడగవలసింది అడిగాడు. ఉస్తాద్ ఆ చెక్కను ఎక్కడ చూశాడు?

మాబున్నీసా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, తలమీది కొంగు జారి, గోడ పట్టుకుంది.

"ఈ పత్తికొండలో మాను యాడుండాదిరా చూసి గీసేదానికి? బస్సులో వస్తివి కదా, దావలో ఎన్ని మాన్లు చూస్తివి? రాళ్లూ తుమ్మ కంపలూ తప్ప ఏముండాది ఈడ? అబ్బా పని మొదలుపెట్టిన దినాల్లో మంచి టేకు దుంగ ఒకటి కూడా చూసిండలేదు. సిమెంటు ద్వారబంధానికి చెక్క మాదిరి ఎయ్యమని ఎవరో అడిగిరి. దుడ్లు ముందే ఇచ్చిరి. చూసి గీసేదానికి ఏమీ లేదు. మా ఇంట్లో ఒక కౌజు పిట్ట ఉండె. కుక్కపిల్ల మాదిరి అబ్బా ఎనకాలే తిరిగేది. రంగు డబ్బాల పక్కనే పండుకునేది. దాన్ని చూసి గీసె."

ఇమామ్‌కు మొదట అర్థం కాలేదు. "చెక్కకు పిట్ట పేరు..."

"చెక్క లేదురా! పిట్ట ఒకటే ఉండాది. రెక్కను చూసి రెక్కనే గీసినాడు. జనం ఏం చెక్క అని అడిగితే, నల్లమలది అనె. ఈడోళ్లకు చెక్కంటే నల్లమలే కదా."

ఆమె లోపలికి పోయి రేకుపెట్టె తెచ్చింది. అందులో గట్టిపడిన ట్యూబు దువ్వెనలు, అరిగిన కుంచెలు, అడుగున కాగితంలో చుట్టిన నాలుగు ఈకలు. ఇమామ్ ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. అడ్డంగా సన్నని అలలు, ఒకటి లేత, ఒకటి ముదురు. మధ్యలో నిలువునా తెల్లటి గీత. తన చేతి రాతను ఎవరో వేరేవాళ్ల పుస్తకంలో చూపించినట్లయింది.

"నాతో ఎందుకు చెప్పలేదు ఆపా? నన్నెందుకు మోసం చేసె?"

మాబున్నీసా నవ్వు ఆగిపోయింది. "ఎవరు ఎవర్ని మోసం చేసిరి? నీకు జ్ఞాపకం లేదా? నువ్వు వచ్చిన మొదటి దినం, ఈ వసారాలోనే. నువ్వు ఆత్మకూరోడివని అబ్బాకు లోపల భయం. ఈడు నల్లమల కింద పుట్టినోడు, అట్లాంటి చెక్క లేదని నలుగురిలో అనేస్తాడేమోనని. అందుకే ముందే అడిగె. 'ఇది మీ అడివి చెక్కే కదరా, ఎప్పుడన్నా చూసినావా?' అని. నువ్వేమన్నావు?"

ఇమామ్ వసారా అంతా ఒకసారి కలయజూశాడు.

"'ఔను ఉస్తాద్, లోపల ఉంటాది, శానా లోపల' అంటివి."

అప్పుడు గుర్తొచ్చింది. పదిహేడేళ్లు. చేతిలో గుడ్డసంచి. ఊరి చివరి చెక్‌పోస్టు దాటి అడవిలోకి ఒక్కసారైనా పోని కుర్రవాడు, ఆత్మకూరువాడై ఉండి తెలియదనడానికి సిగ్గేసి, పెద్ద మొహం పెట్టి చెప్పిన మాట. ఆ మాట ఉస్తాద్ చెప్పిందని ఇన్నేళ్లూ నమ్మాడు. చెప్పింది తనే.

"అబ్బా అప్పుడేమనెనో తెలుసా అమ్మితో?" మాబున్నీసా ఈకలను మళ్లీ కాగితంలో చుడుతూ అంది. "'నేను పిట్టను చూసి గీస్తే, అల్లా ముందే దాన్ని చెట్టు లోపల గీసి పెట్టిండాడంట. ఆత్మకూరు పిల్లోడు చెప్పె' అని. శానా సంబరపడె. పోయేదాకా నమ్మినాడు. ఒకసారన్నా నల్లమలకు పోయి ఆ మానును చూడాలని ఉండె ఆయనకు. నీ మాట మీద."

ఆమె ఒక ఈకను అతని చేతిలో పెట్టింది. తిరుగు బస్సులో దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని, నలగకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. ఉస్తాద్ మీద వచ్చిన కోపం డోన్ రోడ్డు కూడలి దాటకముందే ఆరిపోయింది. తన మీద వచ్చిన కోపం అంత తొందరగా ఆరలేదు. కానీ దానితో పాటు ఇంకొకటి కూడా మెల్లగా పైకి తేలింది. లేని మాను బొమ్మ అని భూపేష్ అన్నాడు. మాను లేదు, నిజమే. కానీ ఆ గీతలు లేనివి కావు. ఒక పిట్ట ఒంటి మీద ఉన్నవి. తను ఇన్నేళ్లూ చెక్కకు నకలు తీస్తున్నాననుకున్నాడు. తీసింది నకలే గానీ చెక్కకు కాదు.

మరునాడు మొదట ఫారెస్టు ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్లు చెప్పాడు. అవినాష్ నవ్వలేదు. ఈకను తిప్పి తిప్పి చూశాడు.

"మరి ఇంకనుంచి ఆ డిజైనును ఏమని పిలుస్తావు?"

"కౌజు రెక్క అనే సార్. పేరు సరిగ్గానే ఉండాది. చెక్క అనేదే తప్పు."

అంత సులువుగా భూపేష్ దగ్గర తేలలేదు. గృహప్రవేశం వారంలో పడింది. వాకిట్లో పందిరి గుంజలు దించుతున్నారు. భూపేష్ ఈకను రెండు వేళ్లతో పట్టుకొని చూశాడు.

"చెక్క ముక్క తెమ్మంటే బొచ్చు తెచ్చినావేందన్నా?"

ఇమామ్ చెప్పాడు. పూర్తిగా చెప్పాడు, తను పదిహేడేళ్లప్పుడు ఆడిన అబద్ధంతో సహా. భూపేష్ తల గీరుకున్నాడు. చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్నాడు.

"సరేప్పా, అయిందేదో అయ్యె. ఒక పని చెయ్యి. ఆ దినం నువ్వు ఈడ నిలబడు. ఎవరన్నా అడిగితే ఎప్పుడూ చెప్పే మాటే చెప్పు, లోపల ఉండే చెక్క అని. నువ్వు చెబితే నమ్ముతారు. నీకు అబద్ధం రాదని ఊరందరికీ తెలుసు. తలుపు అట్లే ఉంటాది, నీ పేరూ ఉంటాది."

ఇమామ్ తలుపును చూశాడు. ఇంత బాగా ఇంకెప్పుడూ కుదరలేదు. ఒక్క మాట, అదీ నలభై అయిదేళ్లుగా చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట.

"తెలియక చెప్పినన్ని దినాలు చెప్పినా. ఇప్పుడు నోరు రాదప్పా."

"అయితే తుడిచేయ్."

ఇమామ్ కాదనలేదు. ఇల్లు అతనిది. టర్పెంటైను సీసా, పాతగుడ్డ తీసుకొని తలుపు ముందు కూర్చున్నాడు. అప్పటిదాకా అరుగు మీద చాట ముందు పెట్టుకొని అంతా వింటున్న నాగలక్ష్మమ్మ లేచి వచ్చింది.

"ఆ ఈక ఇట్లియ్యి."

ఈకను తలుపుకు ఆనించి చూసింది. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చూసింది.

"శనక్కాయ చేన్లో నా ముందర ఎన్ని సార్లు పరిగెత్తిండాదో ఈ ముండది. పట్టుకుందామని పోతే దొరికేది కాదు. మోకాళ్లు పట్టేసినాక నేను చేనికి పోయి ఆరేండ్లాయె." కొడుకు వైపు తిరిగింది. "రేయ్, వచ్చేటోళ్లు తలుపును యాడ నిలబడి చూస్తారు?"

"బయటమ్మా."

"బయట పక్క నీది. నీకిష్టమైంది గీయించుకో. లోపల పక్క నాది. దాని జోలికి వస్తే నేను పాతింటికే పోతా."

భూపేష్ నోరు తెరిచి, పందిరివాళ్లు వింటున్నారని గమనించి మూసుకున్నాడు. "స్టిక్కరు ఒక పక్కకే తెస్తాలే" అన్నాడు.

"స్టిక్కరెందుకప్పా," అన్నాడు ఇమామ్. "టేకే కదా, నేను గీస్తా."

మరునాడు తెల్లవారగానే పని మొదలుపెట్టాడు. బయటి పక్క కౌజు రెక్కను తుడిచి, పూత వేసి, మిగిలిన రంగుతో వెనక తలుపు కూడా ముగించాడు. వాకిట్లో ఎండకు పూత ఆరాక ముందు తలుపుకు టేకు లాగడానికి గంట కూడా పట్టలేదు. ఆ టేకు ఆయన చెయ్యి నిద్రలోనైనా గీస్తుంది. భూపేష్ చూసి "ఇది టేకంటే!" అని తృప్తిగా పందిరి పని చూసుకోవడానికి పోయాడు.

లోపలి పక్క అట్లాగే వదిలేసినా అడిగేవాళ్లు లేరు. కానీ ఇమామ్ గోధుమరంగు మళ్లీ కలిపాడు. ఈకను గోడకు ఒక మేకు దగ్గర నిలబెట్టి, స్టూలు మీద కూర్చొని చూశాడు. నలభై అయిదేళ్లలో ఎదురుగా ఒకటి పెట్టుకొని, దాన్ని చూస్తూ గీయడం ఇదే మొదలు. చూడగా చూడగా తన తప్పులు బయటపడ్డాయి. మధ్య గీత తను గీసినంత తిన్నగా లేదు. కొంచెం వంగి, కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. అలలు దాన్ని దాటిపోవు. రెండు పక్కల నుంచీ వచ్చి దాని దగ్గర కిందికి వాలుతాయి. దువ్వెన పళ్లు రెండు కోసి పారేశాడు. తుడిచాడు, లాగాడు, మళ్లీ తుడిచాడు. గంట పని మధ్యాహ్నం దాటినా తెమల్లేదు. నాగలక్ష్మమ్మ నులక మంచం అటు లాక్కొని కూర్చొని, "ఆ మూల ఇంకొంచెం నలుపుండాల," "అట్ల కాదు, అది మెడ దగ్గర ఈక, రెక్కది ఇంకా పెద్దది" అని మేస్త్రీ పని చేసింది.

అయ్యాక ఆమె లేచి, కొంగు చుట్టి పట్టుకొని గడియను లాగి తలుపు మూసింది. మూస్తేనే గదా లోపలి పక్క మొత్తం కనిపించేది. ఇద్దరూ వెనక్కు జరిగి నిలబడి చూశారు.

కాసేపటికి ఆయన సామాన్లు సర్దుకొని గడియ వైపు చెయ్యి చాచి, ఆగిపోయాడు. కొత్త గడియ బిగుసుకుంది, అంచు పట్టి లాగితే గానీ తలుపు రాదు. గడియ చుట్టూ, అంచు పొడుగునా తన అలలే, తడితడిగా. ఎక్కడ ముట్టుకున్నా రెక్క చెదురుతుంది.

"ఎనక తలుపున పోతాలేమ్మా."

"దానికి పొద్దున నువ్వే కదా పూత ఏసింది? నీడ పక్కది, అదీ ఆరలేదు. కూచో." ఆమె శనక్కాయల చాట అతని ముందుకు తోసింది.

ఇమామ్ కూర్చున్నాడు. బయట భూపేష్ గొంతు వినిపించింది. "అమ్మా! తలుపు తియ్యి. బావోళ్లు వచ్చిండారు."

"ఆరలేదురా," అంది నాగలక్ష్మమ్మ, ఒక కాయ చిదుపుతూ. "పందిట్లో కూచోబెట్టి నీ టేకును చూపిస్తా ఉండు."